కదలని తల

చెల్లెలు తన కెమెరా ప్రోగ్రాముకు కప్ప కన్నును గురువుగా పెట్టుకుంది. కప్పకు కదిలేదే కనిపిస్తుంది. పక్కనే చచ్చిన ఈగల గుట్ట ఉన్నా కంటికి ఆనదు. అందుకే ఆ కెమెరా ఈతకొలనులో ఏ తల ఎటు వెళ్లినా ఇట్టే వెంటాడేది. తెర మీద ఒక్కో తల చుట్టూ ఒక్కో పచ్చ గడి. మేనేజరు మురిసిపోయి, సోమవారం నుంచి పిల్లల ఈత తరగతులకు ఇదే కాపలా అనేశాడు.

అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె మనసును మాత్రం ఏదో పురుగు తొలిచింది. అక్క ఆ కొలనులోనే లైఫ్‌గార్డు. కాసేపు నీళ్లలో కదలకుండా ఉండమని అక్కను అడిగింది. అక్క మునిగి బిగుసుకుంది. పచ్చ గడి కాస్త మినుకుమని మాయమైంది. మునిగిపోయే పిల్ల చివరికి కదలదు. సరిగ్గా అప్పుడే కెమెరా ఆ పిల్లను మరిచిపోతుంది. చెల్లెలు వెంటనే వెళ్లి మేనేజరుకు చెప్పింది.

అదంతా తర్వాత చూసుకుందామన్నాడు మేనేజరు. తర్వాత అంటే చేతులు కాలాకనా అని ఆమె అడిగింది. జవాబు కోసం ఆగకుండా కెమెరా ఊడదీసి సంచిలో వేసుకుంది. మొండితనంలో అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు తీసిపోరు.

దారి మనిషి కంట్లోనే దొరికింది. చూపు కదపకుండా చూస్తున్నామనుకున్నా మన కన్ను సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు ఆగితే ఎదురుగా కదలకుండా ఉన్నది చూపులోంచి వెలిసిపోతుంది. ఆమె చిన్న మోటారు పెట్టి కెమెరాకూ ఆ వణుకు నేర్పింది. తల కదలకపోతే గడి నిలిచి, గంట మోగాలి.

కెమెరాను మళ్లీ కొలను దగ్గర బిగించి, పరీక్షకు తానే నీళ్లలో దిగింది. ఆమె ఈత అంతంతమాత్రం. గంట మోగేదాకా ఇటు చూడొద్దని అక్కకు చెప్పింది.

"నేనెప్పుడూ నీళ్లకు వీపు తిప్పలేదే," అంది అక్క.

"నువ్వు చూస్తుంటే అది పరీక్షెలా అవుతుందక్కా? తిరుగు."

చెల్లెలు మునిగింది. ఛాతీ మండింది, చెవులు హోరెత్తాయి. ఒక్కసారి కాలు విదిలించి పైకి తేలాలని ప్రాణం కొట్టుకుంది. విదిలించలేదు. గంట మోగింది. మరుక్షణం అక్క జబ్బ పట్టి పైకి లాగింది.

అక్క ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే వీపు నిమిరింది. చెల్లెలు దగ్గు తగ్గాక, నీడ పడే మూల చూపించింది.

"అక్కడ ఇంకా చూడలేదక్కా. పిల్లలు ఎక్కువగా చేరేది అక్కడే."

అక్క ముఖం తుడుచుకుంది.

"ఊపిరి గట్టిగా పీల్చుకో," అని వీపు తిప్పింది.