సోమమ్మ నడిచిన గెట్టు

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, మర్రిగూడ దిక్కున ఉన్న మా ఊరికి సర్కారు సర్వేయరు రామచంద్రం గొలుసు పట్టుకొని వచ్చాడు. వచ్చి ఏం లాభం? కొలత మొదలుపెట్టడానికి ఒక్క హద్దు రాయీ లేదు. సంఘం వాళ్లు దొర భూమి పంచిన నాడు మా జనం రాళ్లన్నీ పీకి బావుల్లో పారేశారు. రాయి లేకపోతే రేపు తమ చెలకకూ గుర్తుండదని ఒక్కరికీ తోచలేదు. మా ఊరి తెలివి అంతే.

దొర ఇంకా పట్నం వదిలి రాలేదు. ఆయన తరఫున గుమాస్తా దశరథం గొడుగేసుకొని వచ్చి, సోమమ్మ చెలక దొరదేనన్నాడు. సంఘం పంచిన ఆ పట్టీ తప్ప ఆమెకు ఏమీ లేదు. కొడుకు సంఘంతో పోయి తిరిగి రాలేదు. నిండు చూలాలైన కోడలు అండాలు అందులో జొన్న వేసి, దాని వంక చూసుకుంటూ బతుకుతోంది.

రాయి లేనిచోట మాకొక పద్ధతి ఉంది. ఊళ్లో అందరికంటే పెద్దవాళ్లు మట్టిపెళ్ల నెత్తిన పెట్టుకొని పాత హద్దు గెట్టు వెంట నడవాలి. తప్పు నడిచినా, తప్పు చోట పెళ్ల దించినా, దించినవాళ్ల ఇంట దీపం ఆరిపోతుంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. రామచంద్రం మాత్రం నవ్వకుండా నడవమన్నాడు.

అందరికంటే పెద్దది సోమమ్మే. దశరథం సంతోషంగా ఒప్పుకున్నాడు. పుట్టబోయే మనవడికి ఏమవుతుందోనన్న భయంతో ముసలిది అబద్ధం నడవదని వాడి ధీమా.

"వద్దు అత్తమ్మా. చెలక పోతే పోనీ. కడుపుల బిడ్డ ఉన్నది" అని అండాలు కొంగు పట్టుకుంది.

"నిజం నడిస్తే ఏం గాదు బిడ్డా" అంది సోమమ్మ.

మంచు ఇంకా వీడలేదు. మా నీళ్లు తాగితే నడివయసుకే నడుము వంగుతుంది. సోమమ్మ నేలను తప్ప ఆకాశాన్ని చూసి ఎన్నేళ్లయిందో! అలాంటిది పెళ్ల నెత్తికెక్కగానే మెల్లగా నిటారైంది. సగం కళ్లు మూసుకొని, నిద్రలో నడిచినట్టు నడిచింది.

"గీడ మా నాయిన నాగలి ఇడిచేది" అంది. కాస్త దూరం పోయాక, "జర జరుగుండ్రి, మా అవ్వ సద్ది తెస్తాంది" అంది. నిజంగానే పక్కకు జరిగి దారిచ్చాం. మంచులోంచి గంజి వాసన వచ్చింది, నా మీద ఒట్టు.

సంఘం ఇచ్చిన చెలక అయిపోయింది. ఆమె ఆగలేదు. దొర పల్లిచేనులోంచి, మామిడితోటలోంచి అలా పోతూనే ఉంది. వెనకాల గొలుసు గలగలమంటూ వచ్చింది. చివరికి దొర కోట లాంటి గడి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"హద్దు లోపలికి పోతాంది సారూ. మా నాయిన బాయి గీ గోడ అవతల ఉండె. దొర తాత పూడిపిచ్చి గడి గట్టిండు."

"అయితే లోపలికి గొలుసు పట్టాలె. దర్వాజ తీపియ్యి" అన్నాడు రామచంద్రం.

దశరథం గొడుగు ముడిచాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు గొంతు మారింది. "అవ్వా, నీ చెలక నువ్వే ఉంచుకో. దాని కొసకే హద్దు అనుకుందాం. గాడ పెళ్ల దించు, పంచాయితి తెగిపోతది."

అండాలు ముఖం విచ్చుకుంది, అంతలోనే పాలిపోయింది. చెలక కొస నిజమైన హద్దు కాదు. అక్కడ దించితే చెలక దక్కుతుంది, కడుపులో బిడ్డ?

సోమమ్మ చెలక కొసకు తిరిగొచ్చింది. కంకులేసిన జొన్నను చూసింది, కోడలి కడుపును చూసింది. తర్వాత నెత్తిమీది పెళ్లను నేల తాకనివ్వకుండా తీసి దశరథం నెత్తిన పెట్టింది.

"నిజం నేను నడిచిన. అబద్ధం నువ్వు దించు కొడుకా."

దశరథం రెండు చేతులతో పెళ్ల పట్టుకున్నాడు. వాడూ మా ఊరివాడే, వాడికీ తెలుసు. మట్టి రాలి చెవుల్లో పడుతోంది. ఒకసారి గడి వైపు చూశాడు. గొలుసు లోపలికి పోతే దొరకొచ్చే కోపం కంటి ముందు కదిలిందేమో, కళ్లు గట్టిగా మూసుకొని, మోకాళ్ల మీద కూలబడి పెళ్ల దించాడు.

రామచంద్రం అక్కడే రాయి పాతించాడు. అండాలు జొన్నలోకి పోయి కంకులను కావలించుకొని ఏడ్చింది. మేం కేకలు వేయాల్సింది. అందరం దశరథం వంకే చూస్తున్నాం.

వాడు మోకాళ్ల మీదే ఉండి జుట్టు దులుపుకుంటూనే ఉన్నాడు. సోమమ్మ మళ్లీ వంగిపోయిన నడుముతో వాడి దగ్గరికి పోయి, కొంగుతో నెత్తి తుడిచింది.

"ఇంట్ల పిల్లలున్నరా బిడ్డా?"

వాడు తలూపాడు. ఆమె వాడి తలను పొట్టకు అదుముకొని గొల్లున ఏడ్చింది.