బస్ అని రాసిన బుడిపె

మా ఇంట్లోకి ఆ పెట్టె వచ్చిన నాటి నుంచి మా అత్త లింగవ్వ దోమతెర కావాలని పోరు మొదలుపెట్టింది. ఇంట్లో దోమలేమీ లేవు. ఉన్నదల్లా నా పెనిమిటి సిద్దిరాములు గిటారు.

అది ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించే గిటారు. బెల్లంపల్లి గనిలో ఇంజను నడిపే దొర ఒకాయన దగ్గర మా ఆయన తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని నేర్చుకున్నాడు. ఆ దొర కొలువు చాలించి పోతూ గిటారూ, దానితోపాటు చిన్న కరెంటు పెట్టె కూడా ఈయన చేతిలో పెట్టి రైలెక్కాడు. తీగ మీటితే ఆ చప్పుడు వైరు వెంట పోయి పెట్టెలోంచి పెద్దదై రావాలట. పెద్దగా అయితే వచ్చేది గాని, అగ్గిపెట్టెలో పట్టుబడ్డ తుమ్మెద ఏడ్చినట్టు వచ్చేది.

"గిది పాటనా, పంటి నొప్పినా?" అని మా అత్త అడిగేది.

ఆయన నొచ్చుకునేవాడు కాదు. నేనే నొచ్చుకునేదాన్ని. ఎందుకంటే ఆ సన్నగొంతు మీద మా సంసారమంతా వేలాడుతోంది.

నేను మొదటి నుంచీ భయస్థురాలిని. మెట్‌పల్లి బడిలో ఇంగ్లీషు అక్షరాలు నేర్పి, మాటలు నేర్పబోయే ముందు, చిన్న తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్లు లేరని నన్ను బడి మాన్పించారు. అప్పటి నుంచి నాకు తెలియనిదల్లా ప్రమాదమే అనిపిస్తుంది. నా బిడ్డ పోశవ్వ తుమ్మితే భయం, చాలాసేపు తుమ్మకపోయినా భయం. అన్నిటికన్నా పెద్ద భయం ఆయన బాయి దిగడం. గనిని మేం బాయి అనే అంటాం. ఆయన బాయిలోకి దిగాక మళ్లీ పైకి వచ్చేదాకా నా ప్రాణం కూడా కిందనే ఎక్కడో బొగ్గు నింపుతూ ఉండేది.

అలాంటి రోజుల్లో, గని క్లబ్బు నాటకాలు చూసుకునే గుమాస్తా దశరథం సారు ఒక కబురు పెట్టాడు. నాటకాల్లో పాటల వెనక వాయించడానికి ఒక మనిషి కావాలి. రోజూ సాయంత్రం రిహార్సలుకు దొరకాలి కనుక అతనికి లాంపు రూములో పని ఇప్పిస్తారు. బాయి దిగేవాళ్ల చేతికి దీపాలు ఇచ్చి, వాళ్లు వచ్చాక తీసుకునే పని. తాను దిగేది ఉండదు. ఆదివారం క్లబ్బు హాలులో వాయించాలి, చివరి బెంచీ దాకా వినబడాలి. వినబడకపోతే చెన్నూరు నుంచి హార్మోనియం ఆయనను పిలిపిస్తారు.

ఆ కబురు విన్న పూట నేను అన్నంలో ఉప్పు వేయడం మరిచాను. మరునాడు రెండుసార్లు వేశాను.

ఇక ఆ పెట్టెకు గొంతు లావు చేయడానికి మేం పడని పాట్లు లేవు. మొదట రాగి కాగులో పెట్టి చూశాం. బావిలో పడ్డ తుమ్మెద ఏడ్చినట్టయింది. నులక మంచం మీద పెడితే మంచం కూడా దానితో కలిసి మూలిగింది. పెసళ్ల గుమ్మిలోకి దించితే మాత్రం గొంతు కాస్త బాగుపడింది. ఇంకొంచెం బాగుపడేదేమో గాని, లోపలి నుంచి ఒక ఎలుక ఎగిరి మా అత్త ఒడిలో పడింది. ఆమె గుమ్మి మూత మీద కూర్చుని, ఇది పెసళ్లకా పాటలకా తేల్చమంది. మేం పెసళ్లకే అన్నాం.

చివరికి రేడియోలు బాగుచేసే రహమాన్‌ను పిలిచాం. పెట్టె వచ్చిన రోజు తెగిన వైరు అతికించింది కూడా అతనే. అతను వెనక చెక్క విప్పి, లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్లను చూసి, మంచి సరుకని మెచ్చుకున్నాడు. ముందు వైపు తిప్పడానికి రెండు బుడిపెలున్నాయి. ఒకటి చప్పుడు పెంచేది, తగ్గించేది. రెండోది పూర్తిగా ఎడమకు తిప్పి ఉంది. దాని కింద అక్షరాలున్నాయి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక కూడబలుక్కున్నాను. బి, ఏ, రెండు ఎస్‌లు.

బస్.

మా దిక్కు అన్నం వడ్డిస్తుంటే చాలనిపించినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి బస్ అంటాం. దేన్నైనా ఆపేది ఆ మాటే. దొరల పెట్టె మీద మన మాట ఉందేమిటి అని నాకు అనుమానం రాకపోలేదు. రహమాన్ ఉర్దూ బాగా చదివినవాడు, ఇంగ్లీషు చదవనివాడు. అతనికి మాత్రం అనుమానమే లేదు.

"గది బ్రేకు, చెల్లె. సైకిలుకు బ్రేకు ఉంటదా లేదా? గట్లనే. అది పట్టుకుంటే మోత ఆగిపోతది. గందుకే వైరు అతికించిన నాడే మొత్తం ఎడమకు విడిచిపెట్టిన. దాన్ని ముట్టకుండ్రి, లోపలి గాజు వాల్వులు పోతయి," అన్నాడు.

వాల్వులు పోవడం అంటే ఏమిటో అడగలేదు. పోతాయి అన్నాక ఇంకేం అడుగుతాం. పోశవ్వ చేతికి అందకుండా పెట్టెను గూట్లో ఎత్తున పెట్టి, ఆ బ్రేకు వైపు వేలు కూడా చూపించకుండా ఆదివారం దాకా కాపాడుకొచ్చాను.

ఆదివారం హాలు నిండింది. బాయి మనుషులు, వాళ్ల ఇంటివాళ్లు, పిల్లలు. చివరి బెంచీలో ముసలి అంతయ్య కూర్చున్నాడు. ఆయనకు ఒక చెవి అంతంతమాత్రం. అందుకే దశరథం సారు ఆయనను ఏరి మరీ అక్కడ కూర్చోబెట్టాడు. అది న్యాయం కాదని నేను మా అత్త చెవిలో అన్నాను. రెండో చెవి మంచిదేనని మా అత్త ఓదార్చింది.

మా ఆయన వేదిక మీద గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల మీద పెట్టె. నేను పోశవ్వను చంకనేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆయన కడ్డీ జార్చాడు. పాట బయలుదేరి నాలుగు బెంచీలు నడిచి అలిసిపోయింది.

"వినస్తలే," అన్నాడు అంతయ్య.

మా ఆయన చప్పుడు బుడిపె పెంచాడు. ముందు వరస ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. గొంతు పెరిగింది గాని లావు కాలేదు. అదే తుమ్మెద, ఇప్పుడు కోపం వచ్చిన తుమ్మెద. పోశవ్వ ఏడుపందుకుంది. ఎవరో, పెట్టెలో పడ్డ పిల్లిని బయటికి తీయమన్నారు. హాలంతా నవ్వింది. ఆయన తలెత్తకుండా ఇంకా పెంచాడు. పెట్టె వెనక నుంచి కాలిన దుమ్ము వాసన వచ్చినట్టు నాకు తోచింది.

దశరథం సారు లేచి చెయ్యి ఎత్తాడు. "ఇగ బస్, సిద్దిరాములూ. బస్, బస్."

మా ఆయనకు వినబడలేదు. ఆ మోతలో ఏం వినబడుతుంది? నాకు మాత్రం అన్నీ కలిసి ఒకే మాటగా వినబడ్డాయి. వాల్వులు పోతున్నాయి, పెట్టె పగులుతుంది, కరెంటు తీగ వెంట వచ్చి ఆయనను పట్టుకుంటుంది. లాంపు రూము పోతే పోనీ, మనిషి మిగలాలి. బిడ్డతో సహా మెట్లెక్కి బల్ల దగ్గరికి ఉరికాను. ఒక చేత్తో పోశవ్వను అదుముకుని, ఇంకో చేత్తో బస్ అని రాసిన బుడిపెను పట్టుకుని, సైకిలుకు గుంత ముందు బ్రేకు వేసినట్టు, కుడివైపు ఎంతదూరం పోతే అంతదూరం తిప్పేశాను.

పెట్టె ఆగలేదు.

పలచని మజ్జిగ చూస్తుండగానే గడ్డ పెరుగైనట్టు, ఆ గొంతు నిండింది. బల్ల వణికింది. కిటికీ అద్దాలు గణగణమన్నాయి. ఆ మోత నా అరికాళ్లలోంచి ఎక్కి పొట్టలో తిరిగింది. పోశవ్వ నోరు తెరిచిన తీరునే ఏడుపు మరిచి, పెట్టె వైపు చెయ్యి చాపింది. ఆయన చెయ్యి తీగల మీద జారుతూనే ఉంది, కళ్లు మాత్రం నా మీదున్నాయి.

"ఏం చేసినవే?"

"బస్ చేసిన. ఆగుతలేదు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

బుడిపెను ఇంకా తిప్పబోయాను. ఇక తిరగదు. హాలులోంచి రహమాన్ గొంతు వినబడింది, బ్రేకు ఫెయిలయిందని. వెనక నుంచి దానికి మించిన గొంతు వచ్చింది.

"ఓ పిల్లా, దాన్ని ముట్టకు. గట్లనే ఉండనీ," అన్నాడు అంతయ్య. ఆయన బెంచీ ఎక్కి నిలబడి ఉన్నాడు.

పాట అయిపోయాక చప్పట్లు కొట్టాలని కాసేపటి దాకా ఎవరికీ తోచలేదు. తోచాక ఆపాలని తోచలేదు. దశరథం సారు వేదికెక్కి, కళ్లద్దాలు పెట్టుకుని, వంగి ఆ అక్షరాలు చదివాడు. చదివి నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. అది బస్ కాదట, బేస్ అట. బేస్ అంటే లావు గొంతట. అది ఎడమకు తిప్పి ఉంటే ఎంత మంచి పెట్టెకైనా సన్నగొంతే మిగులుతుందట.

"నేను మొదటి సంది మొత్తుకుంటనే ఉన్న గదా, బేస్, బేస్ అని," అన్నాడు.

ఆ మాటకు హాలులో లేచిన నవ్వు పాటకన్నా లావుగా ఉంది. సారు గంభీరంగా నిలబడాలని చూశాడు, వల్ల కాక తనూ నవ్వేశాడు. రహమాన్ మాత్రం, తాను విడిచిపెట్టి ఉంచిన బ్రేకు కనుకనే చెల్లె అంత బాగా పట్టగలిగిందని చుట్టూ ఉన్నవాళ్లకు వివరిస్తున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంకా అసలు మాట ఎవరూ అనలేదు. నేను బల్ల దగ్గరే నిలబడి సారు మొహం చూస్తున్నాను. ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, సోమవారం పొద్దున లాంపు రూముకు రమ్మన్నాడు.

"సారూ, లాంపు రూము పైననే గదా?" అని అడిగాను.

"పైననే అమ్మా."

"బాయి లోపల కాదు గదా?"

"నేల మీదనే."

"ఏమన్న దిగుడు ఉంటదా సారూ, జర చెప్పుండ్రి. ఒక్క మెట్టన్న?"

సారు ఆలోచించి చెప్పాడు. "దిగుడు లేదు. రెండు మెట్లు ఎక్కాలె."

అప్పుడు వచ్చింది నాకు నవ్వు. ఎక్కాలంట, అని మా అత్తకు చెప్పాను. ఎక్కాలంట, అని పోశవ్వకు చెప్పాను. పక్కనే ఉండి అంతా విన్న మా ఆయనకు కూడా, కొంగు నోట్లో కుక్కుకుంటూ, నవ్వు ఆపుకోలేక, మళ్లీ చెప్పాను. ఎక్కాలంట.