ఎడమచేతి మాత్ర

మా అత్తగారు కోటేశ్వరమ్మ కుడిచెయ్యి అప్పటికి రెండేళ్లుగా వణుకుతోంది. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం చీర మీదే. ఎవరి కంటా పడకుండా వంటింటి తలుపేసుకుని తినేది. ఎడమచెయ్యి శుభ్రంగా పనిచేస్తోంది, కానీ చచ్చినా దాంతో అన్నం ముట్టదు. మనిషి చిక్కి సగమైపోయింది. నాకు ఒళ్లు మండేది. నాది పుట్టు ఎడమచేతి వాటం మరి. చిన్నప్పుడు ఆ చేతి మీద తిన్న దెబ్బలకి లెక్కలేదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో, ఆవిడకి వైద్యం చేసే డాక్టర్ హెర్బర్ట్ గారు బొంబాయి నుంచి కొత్త మాత్రలు తెప్పించారు.

"మొదట్లో వికారం ఉంటుందమ్మా. కొద్దికొద్దిగా పెంచుదాం. మానెయ్యకండి, ఇంతకన్నా మంచి మందు లేదు" అన్నారు.

మూడోరోజు వాంతయింది. నా ఖర్మ కొద్దీ ఆ పూట కాలేజీకి వెళ్లే హడావుడిలో మాత్ర ఎడమచేత్తో ఇచ్చాను.

"అదీ సంగతి! ఎడంచేత్తో ఇచ్చిన మందు ఒంటికి పడుతుందటే? నాకొద్దు పో" అని మూతి బిగించింది.

బతిమాలాను, అరిచాను. ఐదు రోజులు మాత్ర ముట్టలేదు. ఈవిడ ఇలాగే ఆకలితో పోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

ఆబిడ్స్ దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఇంట్లో చెప్పలేనా అనుకున్నాను. పిండి ఉండకి నాలుగు అగ్గిపుల్లలు గుచ్చి, చివర్లకి నల్లద్రాక్ష, పచ్చద్రాక్ష, రేగుపండు, బఠాణీ పెట్టాను. అద్దంలో దాని నీడ ఎలా కనబడిందో అలా ఇంకొకటి చేశాను.

"తినేవాటితో ఆటలేమిటే!"

"రెండింట్లోనూ ఉన్నవి అవే అత్తయ్యా. అన్నీ ఒకలాగే వచ్చేట్టు పక్కపక్కన నిలబెట్టండి, చూద్దాం."

ఎడమచేత్తో పది నిమిషాలు తిప్పింది. కుదరలేదు.

"మీ మందు కూడా ఇలా రెండు రకాలు, మన రెండు చేతుల్లా. మొదట్లో రెండూ కలిపి ఇచ్చేవారట. ఒకటి వణుకు తగ్గిస్తుంది, రెండోది వికారం పెంచి రక్తం పాడుచేస్తుంది. అందుకని దాన్ని తీసేశారు."

"ఉంచింది ఏదే?"

"ఎడమది."

నేను కల్పించింది కాదు, పుస్తకాల్లో దాని పేరుకి ముందుండే లాటిన్ మాటకి అర్థమే ఎడమ.

"కుడిదాన్ని పారేశారూ? ఎంత విడ్డూరం!" చేతిలో బొమ్మని పక్కన పెట్టింది. తర్వాత అరచెయ్యి చాచింది. ఎందుకొచ్చిన గొడవని మాత్ర కుడిచేత్తోనే ఇచ్చాను.

రెండు నెలలకి మొజంజాహీ మార్కెట్‌కి తనే నన్ను బయల్దేరదీసింది.

"ఏందమ్మా, చానా దినాలకు వచ్చిన్రు!" అన్నాడు ఐస్‌క్రీం కొట్టు బాలకిషన్.

అంతమంది మధ్య కూర్చుని చెంచా కుడిచేత్తో పట్టుకుంది. కాస్త వణికింది. కానీ చీర మీద ఒక్క చుక్క పడలేదు. నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

బాలకిషన్ నా కప్పు అందించాడు. ఎడమచెయ్యి చాచబోయి, అలవాటుగా వెనక్కి లాక్కున్నాను.

"ఆ చేత్తోనే అందుకో నర్మదా" అంది అత్తయ్య. "పాపం, దాన్ని అన్యాయంగా తిట్టాను."