చెయ్యి చూసే పిల్ల

డెబ్బై ఎనిమిదిలో వచ్చిన వరదకి ఇది నలభై ఏడో వానాకాలం, నాకు ఏళ్ళు అలాగే గుర్తు, వరద ముందు, వరద తరవాత, వరద ఏడాదే జోగమ్మ కాపరానికి వచ్చింది, పట్టాల మీద నీళ్ళని బండి దారిలో రెండు రోజులు ఆపేస్తే ట్రంకుపెట్టె మీద కూచుని మరమరాలు తింటూ వచ్చింది, నలభై ఆరో వానలో పోయింది, నలభై ఏడో వానలో ఈ కుక్కపిల్ల, ఇప్పుడు నా ఒళ్ళో పడుకుని ఉంది, ముందు కుడికాలికి కట్టు, కట్టు ఎక్కడ అయిందో బొచ్చు ఎక్కడ మొదలైందో తెలియకుండా రెండూ ఒకటే తెలుపు, నిద్దట్లో ఒకసారి ఊపిరి ఎగబీల్చింది, నొప్పేమో, నొప్పే, టోటో బండి చక్రం కింద పడలేదు గనక బతికింది, ఒరుసుకుని పోయింది, ఇరగలేదన్నయ్యా, బెణికినాది, చర్మం లేసిపోయినాది అంది ఏంజలిన్ సిస్టరమ్మ, కట్టు కట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలు నా భుజం మీద వేసి, రేపు పొద్దున్న బుట్ట తెస్తాను, దీన్ని పట్టుకుపోతాను అంది, సాయంకాలం ఇంకా పూర్తిగా దిగలేదు, అరుగు మీద వెలుగుంది, ఖరిదా బజారు వైపు నుంచి చేపల వాసన వస్తోంది, పిల్ల ముక్కు ఒక్కసారి కదిలింది, మళ్ళీ పడుకుంది.

రేపు పొద్దున్న అంటే ఎన్ని గంటలకో చెప్పలేదు, నేను అడగలేదు, ఆవిడ రైల్వే ఆస్పత్రిలో నర్సు పని చేసి దిగిపోయిన మనిషి, రెండు వీధుల అవతల ఇల్లు, ఇంటినిండా స్పిట్జ్ కుక్కలు, జోగమ్మ పోయి సంవత్సరీకం అయిన వారానికి ఈ పిల్లని గౌను జేబులో పెట్టుకొచ్చినట్టు తెచ్చి, అన్నయ్యా, నీ ఇంట్లో గడియారం తప్ప సప్పుడు చేసేదేటీ లేదు, ఇది ఉంచుకో, రెండు నెలలు సూద్దాం, పెంచినావా నీది, లేదా నాది అంది, నేను చెయ్యి ఊపాను, వద్దని, ఆవిడ కావాలనే అటు చూసి పిల్లని నేల మీద వదిలేసింది, అది నడిచి వచ్చి నా చెప్పు మీద మూత్రం పోసింది, అలా మొదలు, పాలు పొయ్యకు, ఇరోచనాలు అవుతాయి అంది, అన్నం మెత్తగా ఉడకబెట్టి కోడి ఉడికిన నీళ్ళతో కలపమంది, ఉప్పు వద్దంది, రోజుకి నాలుగు సార్లు, కాస్త కాస్త, సీసాలో వేణ్ణీళ్ళు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టమంది, తల్లి అనుకుని పడుకుంటుందట, పెట్టాను, పడుకుంది, పళ్ళు వచ్చేటప్పుడు దురదకి నా పాత బెల్టు కొరికింది, టీకాల కార్డు మీద పేరు అన్న చోట సిస్టరమ్మ ఖాళీ వదిలింది, నువ్వే రాయి అంది, మూడో తరగతి వరకూ చదివాను, పేరు రాయడం వచ్చు, రాయలేదు.

పేరు ఎందుకు, నాకు చెయ్యి ఉంది, రైల్వే వర్క్‌షాపులో ఇనుము సాగగొట్టే స్మితీ షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు, ఆవిరి సుత్తి పడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు, ఎర్రగా కాలిన ఇనుము దిమ్మ మీద పెట్టాక సుత్తి నడిపేవాడి కళ్ళు నా చేతి మీదే, రెండు వేళ్ళు చూపిస్తే మెల్లగా రెండు దెబ్బలు, అరచెయ్యి కిందకి నొక్కితే బరువుగా ఒకటి, పిడికిలి ఎత్తితే సుత్తి గాల్లో ఎక్కడుంటే అక్కడ ఆగాలి, ఆగేది, నా పిడికిలికి ఆగని సుత్తి లేదు, కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళు నన్ను చూపించి కోదండం మాస్టరు చెయ్యి చూడండిరా, నోరు చూస్తే మీ వేళ్ళు పోతాయి అని చెప్పేవారు, ఆ చేతితోనే దీనికీ నేర్పాను, అరచెయ్యి కిందకి నొక్కితే కూచోవాలి, మూడో రోజుకే కూచుంది, రెండు వేళ్ళు చూపిస్తే మూత్రానికి పరిచిన కాగితం దగ్గరకి పోవాలి, వారం పట్టింది, పిడికిలి ఎత్తితే ఆగాలి, నోట్లో బిస్కట్టు ఉన్నా ఆగేది, చెవులు నిక్కబొడుచుకుని నా వేళ్ళ వంక అలా చూస్తుంటే, ఇంతకాలం తరవాత షాపులో ఉన్నట్టు ఉండేది, లోపల ఏదో వెచ్చగా ఉండేది, ఆదివారం చర్చి నుంచి వస్తూ సిస్టరమ్మ ఆగింది, వెనక నిలబడి చిటికె వేసి, ఒలే పిల్లా, ఒలే తెల్లదానా అంది, అది తిరగలేదు, నా చెయ్యే చూస్తోంది, ఆవిడ భయపడి దాని చెవులు ఎత్తి చూసి, గిన్నె మీద గరిటె కొట్టి, సెవులు బాగున్నాయి, మరేటి, పేరేటి పెట్టినావు అంది, నేను అడ్డంగా తలూపాను, పేరు లేదా, పిలవవా, ఓ మాటైనా ఆడవా దీంతో అంది, ఊఁ అన్నాను, ఆ ఊఁ నాతో కాదు, దాంతో అను అంది, జబ్బు దీని సెవులకి కాదన్నయ్యా, నీ నోటికి, పిలిస్తే రాని కుక్కని ఈ వీధిలో ఎలా వదులుతావు అంది, నేను పిడికిలి ఎత్తి చూపించాను, అది టక్కున ఆగింది, చూశారా అన్నట్టు ఆవిడ వంక చూశాను, ఆవిడ నవ్వలేదు.

జోగమ్మ నవ్వేది, కాపరానికి వచ్చిన పది రోజులకే నేర్చుకుంది, రెండు వేళ్ళంటే టీ, అరచెయ్యి కంచం మీద పెడితే ఇంక చాలని, గడ్డం ఎత్తితే తలుపు వెయ్యమని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఓలమ్మ, దేముడు నా మొగుడికి అన్నీ పెట్టినాడు, నోరు పెట్టడం మరిసిపోనాడు, నానే రెండు నోళ్ళు వాడతన్నాను అనేది, అందరూ నవ్వేవారు, నేనూ లోపల నవ్వుకునేవాణ్ణి, టాటానగర్ నుంచి మా అమ్మాయి సూర్యకుమారి ఫోను చేస్తే జోగమ్మే మాట్లాడేది, నాన్న బాగున్నాడు, తల ఊపతన్నాడు అని చెప్పేది, ఇప్పుడు ఫోను నేనే ఎత్తాలి, నాన్నా తిన్నావా అంటే నేను చెయ్యి ఎత్తుతాను, తిన్నానని, ఒక్కణ్ణే గదిలో, ఫోను చెవి దగ్గర పెట్టుకుని చెయ్యి ఎత్తి నిలబడతాను, నాన్నా ఉన్నావా, లైను ఉందా అంటుంది, అప్పుడు ఊఁ అంటాను, సరే ఉంచనా అంటుంది, ఉంచేస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం వాన వెలిసింది, కాలవ పక్క ఎవరో మరమరాల పొట్లం కాగితం పారేశారు, పిల్ల గడప దిగి దాన్ని నాకుతోంది, వీపు నా వైపు, తోక మెలి తిరిగి ఆడుతోంది, మలుపు తిరిగి టోటో వచ్చింది, బ్యాటరీ బండి, మోత ఉండదు, వాన నీళ్ళలో జారినట్టు వచ్చింది, నేను చూశాను, చాలా దూరం ఉండగానే చూశాను, అది మాత్రం నిజం, టైము ఉంది, పిడికిలి ఎత్తాను, రెండు పిడికిళ్ళూ ఎత్తాను, తలకంటే పైకి, సుత్తి ఆగినట్టు లోకం ఆగుతుందని, పిల్ల వీపు నా వైపే ఉంది, టోటో అతను మాత్రం చూశాడు, పిచ్చివాడిలా చేతులెత్తి నిలబడ్డ ముసలాణ్ణి చూస్తూ దారి చూడలేదు, కుయ్యిమంది, ఆ అరుపు ఇంకా చెవిలో ఉంది, అతను దిగి పరిగెత్తుకొచ్చి, దాదూ, డాక్‌లేన్ నా కేనో అన్నాడు బెంగాలీలో, ఎందుకు పిలవలేదు తాతా అని, నెత్తి కొట్టుకున్నాడు, పాపం మంచివాడు, తన మెడలోని గంచా తువ్వాలు తీసి పిల్లని చుట్టి సిస్టరమ్మ ఇంటికి నన్నూ ఎక్కించుకుని తీసికెళ్ళాడు, దారంతా అదే, ఒక్కసారి పిలిస్తే తిరిగేది కదా దాదూ, ఒక్కసారి.

సిస్టరమ్మ తిట్టలేదు, తిడితే బాగుండేది, కట్టు కట్టి మా ఇంటిదాకా వచ్చి, దిగబెట్టి, అన్నయ్యా, నీ మీద కోపం కాదు, ఇంకో టోటో వస్తాది అంది, అంతే అంది, కానీ ఆవిడ కళ్ళలో ఇంకోటి ఉంది, నాకు తెలుసు, ఆస్పత్రి వార్డు, ఉద్యోగం లేకపోయినా ఆ వారం రోజులూ జోగమ్మ మంచం దగ్గర ఆవిడే కూచుంది, ఆఖరి రోజు జోగమ్మ కళ్ళు మూసుకుని ఉంది, ఊపిరి బరువుగా వస్తోంది, సిస్టరమ్మ నా భుజం తట్టి, మాటాడన్నయ్యా, కళ్ళు మూసుకున్నా సెవులు ఇంటాయి, పేరెట్టి పిలు అంది, నేను వంగాను, పేరు నోటిదాకా వచ్చింది, ఇనుము చల్లారిపోతే వంగదు, అలా అక్కడే బిగుసుకుంది, నేను చెయ్యి గుండె మీద పెట్టి చూపించాను, షాపులో దానర్థం పట్టు నాది, నేను పట్టుకున్నాను, భయం లేదు, మూసుకున్న కళ్ళకి చూపించాను, రెండుసార్లు, సిస్టరమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది.

పిల్ల ఒళ్ళో కదిలి కళ్ళు తెరిచింది, కట్టు కాలు చూసుకోలేదు, నా చెయ్యే వెతికింది, ఎక్కడుందా అని, దొరికాక దాని మీదే చూపు పెట్టింది, రెప్ప వాలిపోతున్నా బలవంతంగా ఎత్తి మళ్ళీ చెయ్యే, పడుకో అని చెప్పాలి, అది కళ్ళు మూస్తేనే గదా పడుకునేది, మూస్తే నేను చెప్పింది ఎలా తెలుస్తుంది, నాకు వంటింట్లో పొయ్యి కనబడింది, క్వార్టర్లో దిగిన మొదటి నెలలోనే జోగమ్మ పొయ్యి గట్టు ఈ గోడ నుంచి ఆ గోడకి మార్పించింది, పొగ బయటికి పోదు, ముఖం మీదే కొడుతుంది, అందరూ అన్నారు, వినలేదు, ఆడవాళ్ళ పట్టింపు అనుకున్నాను, రిటైరయి ఈ ఇంటికి వచ్చాక కూడా అంతే, కిటికీ ఒకవైపు, పొయ్యి ఒకవైపు, కళ్ళు ఎర్రగా ఉండేవి, ఇప్పుడు తెలిసింది, పొయ్యి దగ్గర నిలబడితే ముఖం గుమ్మం వైపు ఉంటుంది, గుమ్మంలో నేను కూచుంటాను, నా చెయ్యి కనబడాలి, నలభై ఆరేళ్ళు వీపు నావైపు తిప్పకుండా బతికింది మనిషి, నేను మాట్లాడనక్కరలేని మనిషిననుకున్నాను, కాదు, నాకోసం ఇంకొకరు ఎప్పుడూ చూస్తూనే ఉండాలి, తిరగకూడదు, కళ్ళు మూయకూడదు, అలసిపోకూడదు, అదీ నా చేతి పని.

మర్నాడు పొద్దున్న లేచి మెత్తన్నం కలిపి పెట్టాను, తినేటప్పుడు దాని వీపు నా వైపు వచ్చేలా గిన్నె గోడవారన పెట్టి, వెనక నాలుగడుగుల దూరంలో కూచున్నాను, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను, పిల్లా అన్నాను, గాలి వచ్చింది, మాట రాలేదు, దగ్గి మళ్ళీ అన్నాను, ఈసారి వచ్చింది, తుప్పు పట్టిన గొంతు, అది తినడం ఆపి వీధి వైపు చూసింది, ఎవరో కొత్తవాళ్ళు వచ్చారని, నా గొంతు దానికి తెలియదు గదా, పిల్లా, ఇటు, నేనే, అన్నాను, వీధి చూసింది, గడప చూసింది, పిల్లా, పిల్లా, పక్కింటివాళ్ళ కిటికీ తెరుచుకుంది, తెరుచుకోనీ, ఎన్నిసార్లో తెలియదు, ఒక చెవి వెనక్కి తిరిగింది, తరవాత తల, తరవాత మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ మొత్తం పిల్ల తిరిగి, నా చేతులు వెతికి, దొరక్క, నా నోటి వంక చూసింది, గేటు చప్పుడైంది, సిస్టరమ్మ బుట్ట పట్టుకుని వచ్చి, అటు తిరిగి గొళ్ళెం వేస్తోంది, ఆవిడ ఇటు తిరిగేదాకా ఆగలేదు, ఇవ్వనమ్మా, నేను పిలుస్తాను, అన్నాను, ఆవిడ వీపుతో.