గుంజ దాటాక

మా జనరల్ కోర్బినియన్ ఆష్‌బిచ్లర్ గారిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. రాజధాని బాన్‌లో కుర్చీలు అరగదీసినవాళ్లు మాట్లాడితే మరీను. 1957లో ఆయన మా కొండదళంలో కంచరగాడిదల లద్దె ఎత్తే సిపాయిగా చేరారు. చేరిన పదిహేడేళ్లకు బెటాలియన్ చేతికొచ్చింది, పాతికేళ్లకు భుజం మీద బంగారు నక్షత్రం. అయినా దళం కొండెక్కితే ఆయనే ముందు. వెనక నడవగా నేనెన్నడూ చూడలేదు. నేనంటే క్విరిన్ నాయ్‌రాయ్‌టర్‌ని, ఆ గాడిదల సార్జెంటుని.

మా దళంలో ఒక ఆచారం ఉంది. చెట్లు ఆగిపోయే ఎత్తున దారి పక్కన ఒక కొయ్య గుంజ పాతి ఉంటుంది. దాని కింద జనరల్ జనరలే. సెల్యూట్లు, 'మీరు'లు, 'అయ్యా'లు అన్నీ ఉంటాయి. గుంజ దాటామా, అందరూ 'నువ్వే'. పైన ఒకే తాడుకు కట్టుకున్నవాళ్లకు మర్యాదలతో పనేముంది? దిగేటప్పుడు గుంజ దగ్గర మళ్లీ టోపీలు సర్దుకుంటాం.

1983 ఫిబ్రవరిలో పెద్ద విన్యాసాలు జరిగాయి. అరవై రెండు మందిమి, పద్నాలుగు గాడిదలతో పదకొండింటికల్లా కనుమ చేరాలి. బాన్ పెద్దలు ముందే హెలికాప్టర్‌లో దిగి దుర్భిణులు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు సవ్యంగా గడిస్తే మా జనరల్ గారికి రెండో నక్షత్రం, దాంతోపాటు డివిజన్ మొత్తం. ఈ సంగతి మా వంటవాడికి కూడా తెలుసు.

కనుమ కింద చివరి వాలు మొదట్లో, అన్నిటికన్నా ముందు నడిచే ఉర్షి అనే గాడిద ఆగిపోయింది. చెవులు వెనక్కి వాల్చి కాళ్లు బిగించేసింది. మాతో వచ్చిన బాన్ కర్నల్‌కు నవ్వొచ్చింది.

"ఏం సార్జెంట్, మీ రాణిగారికి పల్లకీ కావాలా?"

"దానికి పల్లకీ అక్కర్లేదు. ఇంకో పదడుగులు వేశామంటే నీకూ నాకూ పాడె కావాలి," అన్నాను.

గుంజ ఎప్పుడో దాటినా, 'నీకూ' అన్న మాట అలవాటు లేని ఆ కర్నల్ ముఖం కందిపోయింది. నేను జనరల్ వైపు తిరిగాను.

"కోర్బినియన్, ఇందాక మంచు ఢబ్బుమని కుంగింది. విన్నావా?"

"విన్నాను."

"విని కూడా ఎందుకు పోతున్నావు? నక్షత్రం కోసమా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన నన్ను చూశారు, కనుమ మీద నల్లగా కనిపిస్తున్న పెద్దలను చూశారు. తర్వాత పార అడిగి తీసుకుని నడుము లోతున స్వయంగా తవ్వారు. మధ్య పొర ఆయన వేళ్లలో పంచదారలా రాలిపోయింది. అలాంటి పొర మీది మంచు వాలంతా ఒక్కసారిగా జారి మనుషుల్ని కప్పేయనూ వచ్చు, జారకపోనూ వచ్చు. అదే మా ఖర్మ.

"వెనక్కి తిరగండి," అన్నారు.

"జనరల్ గారూ, పైన వాళ్లు చూస్తున్నారు!" అన్నాడు కర్నల్.

"చూడనీవయ్యా. ఈ అరవై రెండు మందికోసం ఇళ్ల దగ్గర ఎదురుచూసేవాళ్లు కూడా ఉన్నారు."

ఆ వాలు ఆ రోజు జారలేదు. ఆ నెలంతా జారలేదు. వసంతంలో బుద్ధిగా నీరై పోయింది. విచారణలో, ఎవరి సలహా మీద తిరిగొచ్చారని అడిగితే, "నిర్ణయం నాది" అన్నారు తప్ప నా పేరెత్తలేదు. రెండో నక్షత్రం ఇంకెవరికో పోయింది. బీరు బల్లల దగ్గర 'గాడిద మాట విన్న జనరల్' అని నవ్వుకున్నారు. అన్నది నేను, పోగొట్టుకున్నది ఆయన. ఒకసారి క్షమాపణ చెప్పుకుందామని ఆఫీసుకు వెళ్లాను.

"సార్జెంట్, లాడాలు మార్చే రోజులు. మీ పని చూసుకోండి," అన్నారు. గుంజకు కింద ఉన్నాం మరి.

ఐదేళ్ల తర్వాత ఆయన పదవీ విరమణ. బ్యాండు వాయించారు, ఉపన్యాసాలు దంచారు. ఆ ఫిబ్రవరిని మాత్రం ఎవరూ తలవలేదు. సభ ముగిశాక ఆయన తిన్నగా గాడిదల శాలకు వచ్చారు.

"సార్జెంట్, ఉర్షిని తీసుకురండి. పైకి వెళ్దాం."

గుంజ దాటగానే ఆగలేకపోయాను.

"కోర్బినియన్, ఆ వాలు జారేది కాదేమో. నీ నక్షత్రం నా నోటిమూలంగా పోయింది."

ఆయన రాతి మీద కూర్చుని, పొగబెట్టిన మాంసం కోసి సగం నాకిచ్చారు.

"జారేదో లేదో నీకు తెలియదు, నాకూ తెలియదు. కానీ నువ్వు ఒకటడిగావు చూడు, నక్షత్రం కోసమా అని. అవును క్విరిన్, ఆ రోజు దానికోసమే పోబోయాను. అరవై రెండు మందిని వెంటేసుకుని మరీ. నువ్వు అడిగాకగానీ నాకు తెలిసిరాలేదు."

ఆయన లేచి, కత్తి తుడిచి జేబులో పెట్టుకుని, దారి పక్కకు జరిగి నిలబడ్డారు.

"నడువు. ఇవాళ నువ్వు ముందు."

ఉర్షి తాడు పట్టుకుని నడిచాను. శిఖరం దాకా నా వెనకే ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.