జీపుకి రెండు రోజుల సెలవు

"సింహాచలమ్మక్కా! మీ జీపు మళ్ళీ సిగ్నల్ స్తంభం కాడ ఆగిపోనాదంట! మావ తోస్తన్నాడు, స్టీరింగు పట్టడానికి నువ్వు రావాలంట!"

కేక ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధి ఆ చివర పుట్టి, గుమ్మం గుమ్మం దాటుకుంటూ ఈ చివరికొచ్చేసరికి సింహాచలమ్మ అన్నం దించేసి కొంగు బిగించేసింది. నాలుగేళ్ళుగా ఇదే వరస. జీపు నడపడం ఆమె మొగుడు జగ్గారావు వంతు. ఆగిపోతే అతను వెనకనుంచి తొయ్యాలి, ఆవిడ స్టీరింగు ముందు కూర్చోవాలి.

ఆ జీపు యుద్ధం నాటిది. ఊరవతల పాత ఏరోడ్రోములో గడ్డిపట్టి పడున్నదాన్ని తూకానికి కొని, ఎడ్లబండికి కట్టి ఈడ్చుకొచ్చాడు. జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొత్త సామాను కొనే తాహతు లేదు, కొందామన్నా దొరకదు. అందుకని తుక్కు వేలంలో ఏది చవగ్గా వస్తే అది తెచ్చి తగిలించేవాడు. గూడ్సు పెట్టె పట్టీలు కోసి స్ప్రింగులకి దన్నుగా వేశాడు. పాత ఇంజను గన్‌మెటల్ కరిగించి బుష్షులు పోశాడు. మూడో తరగతి చెక్క బెంచీ కోసి సీటు చేశాడు. రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోశాడు. పెట్రోలు పంపు చచ్చిపోతే బానెట్ మీద డబ్బా బిగించి గొట్టం దింపాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే గేరొకటి ఉంది చూశారూ, దాన్ని మాత్రం పసిపిల్లలా చూసుకునేవాడు. ఇసకలో, బురదలో, ఊళ్ళే లేని చోట తిరగాలని అతని ఆశ మరి.

కానీ ఒంట్లో ఇంత రైల్వే సరుకు పడ్డాక జీపు రైల్వే మనిషైపోయింది. పొద్దున షాపు సైరను కూస్తేగాని స్టార్టవదు. సాయంత్రం సైరను కూస్తే బజారు నడిమధ్యనైనా సరే, ఆగిపోతుంది. ఆదివారం కదలదు. ఊరి చివర సిగ్నల్ స్తంభం దాటి చక్రం వెయ్యదు. వీధిలో ఎవరూ దీన్ని వింతనుకోలేదు. "డూటీ బండి, అలాగే ఉంటాది" అనేవారు.

"ఈయేళ కూడా ఎళ్ళదా?" అంది సింహాచలమ్మ, బెంచీ సీటెక్కుతూ.

"ఎళ్ళదే," అన్నాడు జగ్గారావు. జేబులోంచి ఉత్తరం తీసి చూపించాడు. పొద్దున రోడ్డు రోలరు డ్రైవరొకడు తెచ్చిచ్చాడు. "జోగమ్మ రాయించింది."

జోగమ్మ అతని చెల్లెలు. మొగుడు పోయాక రోడ్డు కాంట్రాక్టరు క్యాంపులో వంటకి కుదిరింది. కేశియారి దాటి, సువర్ణరేఖ ఇసక దాటి, అవతల అడవిలో క్యాంపు. కాలి మీద రాయి పడింది, అడుగు వెయ్యలేకపోతోంది. శుక్రవారం సాయంత్రం క్యాంపు ఎత్తేసి ఒరిస్సా కొండల్లోకి పోతారట. ఆమెను కూడా గిన్నెలతో పాటు లారీలోకి ఎక్కించేస్తారట. ఏ కొండో, ఏ ఊరో ఆమెకే తెలీదు. వానలు పడితే ఏరు దాటే దారి కూడా ఉండదు.

ఇవాళ బుధవారం.

ఇద్దరూ అరగంట తోశారు, లాగారు. జీపు స్తంభం దాకా వెళ్ళి, మర్యాదగా వెనక్కి దొర్లింది. భోజనాల వేళ అయిపోయింది. జగ్గారావు తినకుండానే షాపుకి పరిగెత్తాడు.

తన పై అధికారి, చార్జిమాను ఆమోసు ముందు నిలబడ్డాడు. "సార్, రెండ్రోజులు సెలవు."

"నెలాఖరు దాకా ఫిట్టర్లకి, ఖలాసీలకి సెలవు లేదని ఆర్డరొచ్చింది జగ్గారావూ. గోడ మీద అంటించాను, చదువుకో."

"సదివినాను సార్. నాకు ఒక్కర్తే సెల్లెలు."

"నీకిప్పటికే రెండు వార్నింగులున్నాయి. మూడోది పడితే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది. అప్పుడు చెల్లెల్ని తెచ్చి ఏ చెట్టు కింద పెడతావు?"

జగ్గారావు తన పనిబల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ సైరనుకి లేచి, ఆ సైరనుకి పడుకున్నాడు. రైల్వే పాసుంది కదాని పూరీ చూశాడు, కాశీ చూశాడు. రైలు పట్టాలు వెయ్యని చోటు ఒక్కటీ చూడలేదు. వైసులో బిగించిన ఇనప ముక్కను ఆకురాయితో రాస్తూ, బిగించింది దాన్నా, తననా అని అనుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర సింహాచలమ్మ కాపు కాసింది. మొగుడి కోసం కాదు, ఆమోసు కోసం.

"బాబూ, మా ఆయనకి సెలవియ్యద్దు."

"ఇవ్వలేదమ్మా," అన్నాడు ఆమోసు తెల్లబోయి.

"జీపుకియ్యండి. అది మీ షాపు ఇనుమే. మనిషి సెలవు సీటీ లేందే కదల్డు, అదీ అంతే."

ఆమోసు సైకిలు దిగాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన కాగితం దాటి పోయింది లేదు, కాగితంలో లేనిది ఆపిందీ లేదు.

"ఆర్డర్లో ఫిట్టర్లు, ఖలాసీలు అని ఉంది. జీపులని లేదు," అంటూ కలం తీశాడు. "కారణం?"

"సెల్లెల్ని తేవాలి."

"ఎవరి చెల్లెలు?"

"దాన్ని గడ్డిలోంచి లేపి ఇంటికి తెచ్చినోడి సెల్లెలు."

ఆమోసు అలాగే రాసి, రెండు రోజులని వేసి సంతకం పెట్టాడు.

"సీటీ ఉంది, మరి నడిపేదెవరే?" అన్నాడు జగ్గారావు ఇంటికొచ్చాక.

"నాను."

"నీకేటొచ్చు?"

"నడపడం రాదు. ఆగిపోతే ఏటి సెయ్యాలో నాలుగేళ్ళ బట్టి అంతా వొచ్చు. నువ్వు ఆ నాలుగు సక్రాల గేరు సూపించు, సాలు."

గురువారం తెల్లారగట్ల, సైరను కుయ్యకముందే, జీపు తనంత తానే స్టార్టయింది. సెలవు చీటీ అద్దం కింద దోపి సింహాచలమ్మ కదిలించింది. సిగ్నల్ స్తంభం దాటింది. జగ్గారావు ఆ స్తంభం కిందే నిలబడి, ఎర్రదుమ్ము అణిగేదాకా చూసి, షాపుకి పోయాడు.

ఆ రెండు రోజులూ అతనికి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఒకే బోల్టు మూడుసార్లు బిగించాడు. పొగగొట్టం గుండా ఇసకా నీళ్ళూ ఇంజన్లోకి పోతున్నట్టు, ఏట్లో చక్రాలు దిగబడిపోతున్నట్టు కళ్ళముందు కనిపించేది. వెళ్దామంటే గేటు, గేటు దగ్గర వాచ్‌మాను, పైన సైరను. శుక్రవారం సాయంత్రం క్యాంపు ఎత్తేసే వేళకి ఆమోసు అతని పక్కనొచ్చి నిలబడ్డాడు. సైరను కూశాక ఆమోసు ఇంటికి పోకుండా అతని వెనకే వచ్చాడు.

క్వార్టరు ముందు జీపు ఉంది, పైకప్పు దాకా ఎర్రమట్టితో. సింహాచలమ్మ కనుబొమలు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఏట్లో రెండుసార్లు దిగబడినాది," అంది. "దిగినాను, తవ్వినాను, సెక్కలేసినాను, ఎక్కినాను. ఏటలా సూస్తావు? లోపలికెళ్ళు."

లోపల జోగమ్మ. ఒక కాలికి గుడ్డ చుట్టుకుని, గోడకి ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉంది. అప్పటికే అన్నం వార్చేసింది, చేతిలో గరిట.

"అన్నియ్యా, కూకో. వొడ్డించేస్తాను. ఆ బాబునీ కూకోమను."

జగ్గారావు కూర్చున్నాడు. ఆమోసు చెప్పులిప్పి గుమ్మం పక్కన కూర్చున్నాడు. సింహాచలమ్మ చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. జోగమ్మ మాత్రం గోడ వదల్లేదు.

"నువ్వూ రాయే," అన్నాడు జగ్గారావు.

"అందరూ తిన్నాక తింటాను అన్నియ్యా. క్యాంపులో మూడేళ్ళ బట్టి అలవాటు."

సింహాచలమ్మ లేచి, ఆమె చేతిలోంచి గరిట తీసి అన్నం గిన్నెలో పెట్టింది. గిన్నెను తెచ్చి కంచాల మధ్యన పెట్టింది.

"ఎవులిది ఆలు ఏసుకుంటారు," అంది.

జగ్గారావు పక్కకి జరిగాడు. ఆమోసు కూడా జరిగాడు. జోగమ్మ గోడ పట్టుకుని, మెల్లగా, దెబ్బ తగిలిన కాలు ముందుకు చాపుకుని, వాళ్ళ మధ్య కూర్చుంది.