ఒంటి సీటు

హెల్మెట్ అద్దానికి అంటుకుని ఎండిపోయిన పురుగుల్ని గ్లెనిస్ తడిగుడ్డతో మెల్లగా తుడుస్తోంది. గట్టిగా రుద్దితే గీతలు పడతాయని పెళ్లైన కొత్తలో బారీ చెప్పాడు. ఆ మాట చెప్పడంతోనే ఆ పని ఆమెదైపోయింది. శనివారం సాయంత్రం హెల్మెట్లు తుడవాలి, చేతి తొడుగులు ఆరబెట్టాలి. ఆదివారం పొద్దున్నే శాండ్‌విచ్‌లు కట్టి, ఫ్లాస్కులో టీ పోసుకుని, బారీ మోటారుసైకిలు వెనక ఎక్కాలి. వారమంతా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుని, నొప్పితో వచ్చేవాళ్ల చిరాకంతా నవ్వుతూ భరించే మనిషికి ఇదే సెలవు అని అందరూ అనేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది.

"గ్లెన్! ఒక్కసారి బయటికి రా!"

గ్యారేజీ ముందు కొత్త బండి నిలబడి ఉంది. చూడటానికి అరవైల నాటి పందెం బండే. పొడుగాటి వెండిరంగు ట్యాంకు, గుండ్రటి దీపం, నడిపేవాడు ముందుకు వాలిపోవలసినంత కిందికి దించిన హ్యాండిళ్లు, పక్కన పందెం నంబరు రాసుకోవడానికి వదిలిన తెల్లటి గుండ్రం. లోపల మాత్రం అంతా ఈ కాలపు యంత్రమే.

"మా నాన్న ఇలాంటిదాని మీదే టీకొట్టు నుంచి టీకొట్టుకి పందేలు కట్టేవాడు. ఇప్పుడైతే కిక్కు కొట్టక్కర్లేదు, ఆయిలు కారదు. మీట నొక్కితే చాలు!" అన్నాడు బారీ. కార్ఖానా ఉద్యోగం నుంచి రిటైరై నెల తిరగలేదు, అప్పుడే మొహంలో పాతికేళ్ల కుర్రాడు దిగొచ్చాడు.

సీటు ఒక్కటే ఉంది. దాని వెనక మూపురంలా ఎత్తుగా మూసేశారు. పక్కింటి కీత్ గోడమీంచి తొంగి చూసి, "పాపం, పెళ్లాన్ని దింపేశావేమయ్యా!" అని నవ్వాడు.

"పందెం బండి కదా, ఇద్దరికి కుదరదు. నీకు బాధేం లేదుగా?" అని బారీ నసిగాడు.

"పర్లేదులే" అంది గ్లెనిస్. గుండె మీంచి ఏదో బరువు దిగినట్టయి, ఆ తేలికకి తనే సిగ్గుపడింది.

వెనక సీటు సంగతి ఆమెకి మొదట నేర్పింది అత్తగారు ఎడ్నా. "బంగాళాదుంపల మూటలా కూర్చోవాలమ్మాయ్. వాడు ఎటు వాలితే అటు వాలాలి, మధ్యలో మాట్లాడకూడదు" అంది, తానేదో నగ ఇస్తున్నట్టు. గ్లెనిస్ అలాగే కూర్చుంది. ముప్పై ఏళ్లలో ఆ దారిలో ఆమె చూసిందల్లా బారీ తోలు జాకెట్టు వీపు, దాని మధ్య కుట్టు. క్రామ్‌ఫర్డ్ ఊరి దగ్గర మలుపులు రాగానే కళ్లు మూసుకునేది. కాస్త మెల్లగా పోనిమ్మని ఒకసారి అడిగితే, "నువ్వు భయపడితే బండికి తెలిసిపోతుంది" అన్నాడు. అప్పటినుంచి ఆ భయాన్ని కూడా బండికి తెలియకుండా దాచుకుంది. మ్యాట్లాక్ బాత్ ఊళ్లో నదీతీరాన బండ్ల స్నేహితులంతా చేరాక, "మా గ్లెన్‌కి బండంటే ప్రాణం" అని బారీ భుజం మీద చెయ్యేసేవాడు. విని విని, తనకి నిజంగానే ప్రాణమేమో అనుకునేది. ప్రేమ లేని మనిషైతే ఆమెకి సులువయ్యేది. ప్రేమగానే అనేవాడు.

బారీ ఒంటరిగా వెళ్లిన మొదటి ఆదివారం ఆమె వంటింట్లో ఊరికే కూర్చుంది. రెండో ఆదివారం తమ ఊరు బెల్పర్లో, అదే దారిలో పోయే రెండంతస్తుల బస్సెక్కింది. పై అంతస్తులో అన్నిటికన్నా ముందు సీటు ఖాళీగా ఉంది. అద్దం నిండా రోడ్డు తన మీదికే వచ్చింది. నది వచ్చింది, కొంగ వచ్చింది, మలుపు తిరిగేసరికి ఎర్ర ఇటుకల పెద్ద నూలుమిల్లు వచ్చింది.

"ఇదెప్పుడు కట్టారు?" అని పక్కనున్న ముసలావిడని అడిగింది.

"రెండొందల ఏళ్లు దాటిందమ్మా. ఈ ఊళ్లకి కొత్తా?"

"ఇక్కడే పుట్టాను" అంటూనే గ్లెనిస్‌కి నవ్వాగలేదు. ముసలావిడా నవ్వింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బస్సే. బారీ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకరోజు వెండిరంగు బండి బస్సుని దాటిపోయింది. ట్యాంకు మీద వాలిపోయి, గాలిని చీల్చుకుంటూ, ఎంత సంతోషంగా ఉన్నాడో! ఆ సంతోషాన్ని బయటినుంచి చూడటం ఆమెకి అదే మొదలు. మ్యాట్లాక్ బాత్‌లో బస్సు ఆగినప్పుడు మళ్లీ కనిపించాడు. బండ్ల వరసకి దూరంగా గోడ మీద ఒక్కడే కూర్చుని మణికట్లు నొక్కుకుంటున్నాడు. జాలేసింది. సీట్లోంచి సగం లేచింది కూడా. మళ్లీ కూర్చుంది. బస్సు కదిలింది.

రాత్రి అతని చేతులకి మందు రాసింది తనే. "నువ్వు లేకపోతే వెలితిగా ఉంది గ్లెన్" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదని ఆమెకి తెలుసు.

తర్వాతి శనివారం ఆమెను గ్యారేజీకి పిలిచాడు. మూపురం లేదు. దాని చోట పొడుగాటి సీటు, కింద కాళ్లు ఆనించుకునే కడ్డీలు.

"నీ కోసమే! రేపట్నుంచి మళ్లీ మామూలే."

"నేను రాను బారీ."

"ఇది మెత్తగా ఉంటుంది, కూర్చుని చూడు."

"మెత్తదనం సంగతి కాదు. వెనక కూర్చోవడం నాకెప్పుడూ ఇష్టం లేదు."

"ఎప్పుడూ అంటే?"

"పెళ్లైన కొత్తలో వేల్స్ వెళ్లామే, అప్పుడు కూడా."

బారీ గడప మీద కూలబడ్డాడు. "మరి చెప్పలేదేం?"

"నన్ను అడక్కముందే అందరికీ నువ్వే చెప్పేశావుగా, ప్రాణమని."

అతను కొత్త సీటు వైపు చూశాడు. "అయితే ఆదివారాలు ఏం చేస్తున్నావు?"

"బస్సెక్కుతున్నాను. మొన్న నిన్ను చూశాను, గోడ మీద చేతులు నొక్కుకుంటుంటే."

"చూసి కూడా దిగలేదా?"

"దిగితే నీకు టీ పోయాల్సొచ్చేది."

కోపమో బాధో అతనికే తెలిసినట్టు లేదు. గ్లెనిస్ వెళ్లి గడప మీద అతని పక్కన కూర్చుంది. వెనక కాదు, పక్కన.

"రేపు కూడా నాది బస్సే. పైన ముందు వరసలో రెండు సీట్లుంటాయి" అంది. "రావాలనిపిస్తే రా. కిటికీ వైపు మాత్రం నాది."